వీడియో పోయిందా? ముందు 30 రోజుల గడువు చూడండి, తర్వాత మన ఇంట్లో దాచుకోండి



మొన్న రాత్రి పది గంటలకు మన పేజీ చూసుకునే తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "అన్నా, వీడియోలు పోయినయ్. ఒకటి కాదు, పదకొండు."

నెల కింద పాత సభల ప్రచార వీడియోలు తీసేద్దామని కూర్చున్నాడట. సిగ్నల్ సరిగా లేదు, స్క్రీన్ ఆగి ఆగి కదులుతోంది. వరుసగా టిక్కులు పెట్టి డిలీట్ నొక్కాడు. వేరేవి పోయిన సంగతి అప్పుడు తెలియలేదు. హక్కుపత్రం ఫైలు కోసం ఒక గూడెం వాళ్లు తమ అవ్వ వీడియో అడిగితే, వెతికినప్పుడు తెలిసింది. అప్పటికి 26 రోజులు.

ఆ అవ్వ వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పోడు హద్దుల వెంట నడుస్తూ, ఈ ఇప్పచెట్టు కింద మా మామను పూడ్చినం, ఆ బండ దగ్గర మా తొలి గుడిసె ఉండె అని చేత్తో చూపిస్తూ పోతుంది. అవ్వ కిందటేడు కాలం చేసింది. మళ్లీ తీయలేం.

తమ్ముణ్ణి తిట్టి లాభం లేదు. ఆ తప్పు ఎవరైనా చేస్తారు. ఆ రాత్రి మేము నేర్చుకున్నది అందరికీ పనికొస్తుందని రాస్తున్నాం.

మొదటి మాట: కంగారు పడొద్దు, కానీ ఆలస్యం చేయొద్దు. ఫేస్‌బుక్‌లో డిలీట్ చేసిన పోస్టు వెంటనే పోదు, ట్రాష్‌లోకి వెళ్తుంది. అక్కడ 30 రోజులు ఉంటుంది. ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి, యాక్టివిటీ లాగ్‌లోకి వెళ్లి, ట్రాష్ తెరిచి, కావలసిన వీడియోకు టిక్ పెట్టి రీస్టోర్ నొక్కాలి. పేజీలో పెట్టిన వీడియో అయితే ముందు మీ సొంత ఖాతా నుంచి పేజీలోకి మారాలి. మా తమ్ముడు గంటసేపు తన సొంత ట్రాష్‌లో వెతికాడు, అది ఖాళీగా ఉందని ఏడ్చాడు. వీడియోలు పేజీ ట్రాష్‌లో ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఇలాగే 'రీసెంట్లీ డిలీటెడ్' అని ఉంటుంది. రీల్స్, వీడియోలు అక్కడ 30 రోజులు ఉంటాయి. ఆర్కైవ్‌లోకి వెళ్లని స్టోరీలకు మాత్రం 24 గంటలే.

యూట్యూబ్ అలా కాదు. అక్కడ ట్రాష్ లేదు. ఒకసారి డిలీట్ చేస్తే మనంతట మనం వెనక్కి తెచ్చుకునే దారి లేదు. అందుకే ఛానల్‌లో ఏ వీడియో అయినా జనానికి కనబడకూడదు అనుకుంటే డిలీట్ చేయకండి, ప్రైవేట్‌లో పెట్టండి. ఫేస్‌బుక్‌లో అయితే ఆర్కైవ్ చేయండి. దానికి గడువు లేదు.

ఖాతాలో దొరకకపోతే తీసిన ఫోన్ వెతకాలి. గ్యాలరీలో రీసైకిల్ బిన్ చూడండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన వీడియో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, బ్యాకప్ కానిది 30 రోజులు. తర్వాత వాట్సాప్. ఆ వీడియో ఎవరెవరికి పంపారో వాళ్లందరినీ అడగండి. మన దగ్గర పోయినా వాళ్ల ఫోన్లో ఉండొచ్చు.

మెమరీ కార్డులోంచి పోయినదైతే ఒక్క పని వెంటనే చేయాలి: ఆ కార్డు వాడటం ఆపాలి. డిలీట్ చేసినప్పుడు ఫైలు నిజంగా చెరిగిపోదు. ఈ జాగా ఖాళీ అని గుర్తు పడుతుంది, అంతే. కొత్త ఫొటో తీస్తే అది పాతదాని మీద కూర్చుంటుంది. కార్డు బయటికి తీసి, కంప్యూటర్ తెలిసిన వాళ్ల దగ్గర ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించొచ్చు. దొరికినవి అదే కార్డులోకి కాకుండా వేరే చోటికి కాపీ చేయాలి. ఇప్పటి ఫోన్ల లోపలి మెమరీలో మాత్రం ఈ పద్ధతి దాదాపు పనిచేయదు, అందులో సమాచారం తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది.

ఒక హెచ్చరిక. మా వీడియోలు పోయాయి, సాయం చేయండి అని ఎక్కడైనా రాస్తే పది నిమిషాల్లో ఎవడో ఒకడు వస్తాడు. నేను తెచ్చిపెడతా, పాస్‌వర్డ్ చెప్పు, ఓటీపీ చెప్పు, ముందు రెండు వేలు కొట్టు అంటాడు. గడువు దాటిన వీడియోను బయటివాడు తెచ్చివ్వలేడు. ఓటీపీ చెప్తే వీడియోతో పాటు ఖాతా కూడా పోతుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మా పదకొండులో ఎనిమిది ట్రాష్‌లో దొరికాయి. ఇంకో నాలుగు రోజులైతే అవీ ఉండేవి కావు. రెండు ఎక్కడా దొరకలేదు. అవి ఒక గ్రామసభవి. ఆ రోజు ఎవరెవరు లేచి ఏం మాట్లాడారో ఇప్పుడు గుర్తున్నంత వరకే. పదకొండోది అవ్వ వీడియో. యూట్యూబ్‌లో పెట్టింది, అక్కణ్ణుంచే పోయింది. అవ్వ మనవరాలి ఫోన్లో వాట్సాప్ కాపీ దొరికింది. బొమ్మ మసకగా ఉంది, కానీ అవ్వ గొంతు ఉంది.

మసక కాపీ చాలదా అంటారేమో. మన కళ్లకు చాలు, ఫైలుకు చాలకపోవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం వీడియోను సాక్ష్యంగా పెట్టాలంటే ధ్రువపత్రం కావాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోతుంది, వేలిముద్ర మారిపోతుంది. అసలు ఫైలు ఉన్నవాడి మాటకు ఉండే బలం దానికి ఉండదు. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు పోతుంది.

ఇంకో సంగతి. అటవీ హక్కుల నిబంధనల్లో 13వది, దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలాన్ని రాసి ఇస్తే సాక్ష్యంగా తీసుకుంటుంది. పాత బావులు, సమాధులు, పూజా స్థలాలు కూడా సాక్ష్యాలే. అంటే అవ్వ బతికుండగానే ఆ మాటలు కాగితం మీద పెట్టి, వేలిముద్ర తీసుకుని, సాక్షుల సంతకాలు పెట్టించాల్సింది. వీడియో ఉంది కదా అని మేము ఆ పని చేయలేదు. ఇది తమ్ముడి తప్పు కాదు, మన అందరిదీ.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ ఖాతాలను మనం భోషాణం అనుకుంటున్నాం. అవి సంత. సంతలో సరుకు నలుగురికీ చూపిస్తాం, రాత్రికి అక్కడే వదిలేసి రాం. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్‌లో పెట్టుకున్న వీడియోలు మన పిల్లలకు ఒక్కసారిగా అందకుండా పోయాయి. మైస్పేస్ సర్వర్లు మార్చేటప్పుడు పన్నెండేళ్ల పాటు జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో బయటపడింది. 2025 ఫిబ్రవరి 19 నుంచి ఫేస్‌బుక్‌లో కొత్త లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటాయి, తర్వాత వాటంతటవే తొలగిపోతాయి. మనం పొరపాటున ఏదీ నొక్కకపోయినా పోతాయన్నమాట. ధర్నా లైవ్ పెట్టి మర్చిపోయిన వాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి.

మన ముసలోళ్లు విత్తనాలు ఎట్లా దాచేవాళ్లో చూశాం. సొరబుర్రలో పోసి, మూతి మూసి, పొయ్యి పైన పొగ తగిలే చోట వేలాడదీసేవాళ్లు. ఒక ఇంట్లో పురుగు పట్టినా పక్కింట్లో ఉండేది. వీడియోకూ అదే పద్ధతి. ఒక కాపీ తీసిన ఫోన్లో, ఒకటి ఊళ్లో ఇంకో ఇంట్లో పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో, ఒకటి ఊరి బయట నమ్మకమైన మనిషి దగ్గర. ఫైలు పేరులో తేదీ, ఊరు, మాట్లాడిన వాళ్ల పేరు రాయండి. పేరు లేని వీడియో నాలుగేళ్ల తర్వాత ఉండీ లేనట్టే.

అన్నీ దాచాలని కూడా అనడం లేదు. నా మొహం తీసేయండి, నాకు ఇబ్బంది అవుతుంది అని ఎవరైనా అడిగితే తీసేయాల్సిందే, ట్రాష్‌లోంచి కూడా. వీడియో మన చేతిలో ఉన్నా మొహం వాళ్లది. ఏది ఉంచాలో ఏది తీయాలో కూర్చుని మాట్లాడుకుని తేల్చాలి. నిద్రమత్తులో ఒక్కడి వేలు తేల్చకూడదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఖాతా ట్రాష్ ఒకసారి తెరిచి చూడండి. ముఖ్యమైన మూడు వీడియోలు దించుకుని ఇంకో ఇంట్లో పెట్టండి. మీ గూడెంలో అందరికంటే పెద్ద మనిషి దగ్గర కూర్చుని, వీడియో తీయడంతో పాటు ఆ మాటలు కాగితం మీద కూడా రాయండి. పోయిన వీడియో ట్రాష్‌లో దొరకొచ్చు. పోయిన మనిషి దొరకరు.