మందు కొట్టేదెవరు? పీల్చేదెవరు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా సందుకో బడి, సందుకో హాస్టలు. బొద్దింక కనబడితే యాజమాన్యాలకు తోచేది ఒకటే: మందు కొట్టించడం. చాలాచోట్ల కొట్టేది చేతికి తొడుగైనా లేని ఆయా. పీల్చేది పిల్లలు.

బొద్దింక ఎందుకొస్తోంది? కారే కుళాయి, మూతలేని చెత్తడబ్బా, గోడ పగుళ్ళు, రాత్రంతా తియ్యని ఎంగిలి. వీటిని బాగుచెయ్యడానికి డబ్బు కావాలి. విషం చవక. ఆ ఖర్చు ఆయా ఒంటిమీదా, పిల్లల ఒంటిమీదా పడుతోంది. ముందు పురుగుకు తిండీ నీరూ దారీ లేకుండా చెయ్యడం, తర్వాత ఎరలు, జాలీలు, అన్నిటికన్నా చివర మందు. సమగ్ర కీటక నివారణ అంటే ఇదే.

కుదరదంటారా? ఖమ్మం ప్రాంతంలోని పునుకులలో మహిళా సంఘాలు పట్టుబట్టి పత్తిచేలకే పురుగుమందు మాన్పించాయి. చేను మానగలిగింది, బడి మానలేదా?

2013 జులైలో బీహార్‌లోని గండామన్ బడిలో మోనోక్రోటోఫాస్ కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. బడి దరిదాపుల్లో విషం ఉండకూడదనడానికి ఇంకేం రుజువు కావాలి?

2009 విద్యాహక్కు చట్టం సర్కారు బడి కమిటీలో సగంమంది స్త్రీలుండాలంది. ఎయిడ్ లేని ప్రైవేటు బడికి ఆ నిబంధనే లేదు. అయినా ఫీజు కట్టే తల్లులం అడుగుదాం: ఏ మందు, ఏ రోజు, ఎవరిచేత కొట్టించారో గోడమీద రాయండి!