వేళ్ళ తరుగుదల

నవంబరు వచ్చిందంటే మా కెంచార్లహళ్ళి శాఖలో పింఛనుదారుల సందడే సందడి. బతికున్నామని ఏటా రుజువు చూపాలి గదండీ! 2014లో వచ్చిన 'జీవన్ ప్రమాణ్' పుణ్యమా అని వేలిముద్ర వేస్తే చాలు. మొన్నొక అవ్వ, తపాలాశాఖలో పనిచేసి పోయిన భర్త పింఛను కోసం వచ్చింది. పట్టుపురుగులకు ఆకు కోసి కోసి అరిగిన వేళ్ళు. మిషను నాలుగుసార్లూ ఒప్పుకోలేదు. (బి.కాం.లో మాకు యంత్రాల తరుగుదల నేర్పారు గాని, వేళ్ళది నేర్పలేదు.)

"నేను కనపడలేదా నాయనా?"

"నాకు కనపడుతుండావవ్వా, మిషనుకే..."

"అయితే దానికి అద్దాలు ఏపీయప్పా!"

పాత పద్ధతిలో కాగితం నింపాను. తెలుగులో దీవిస్తూ, కన్నడ అక్షరాల్లో సంతకం పెట్టింది.

"దుడ్డు నిలిచిపోదు గదా?"

"పోదవ్వా."

వెనక వరుసలోని తాత తన వేళ్ళు వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నాడు.