జంట పట్టాకు తొందరెందుకు?

ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్లలో ఇప్పుడో సలహా తప్పకుండా వినిపిస్తోంది. వట్టి బీటెక్ దేనికి, ఐదేళ్లలో ఎంబీఏ కూడా కలిసొచ్చే కోర్సులో చేర్పించండి, ఏడాది మిగులుతుంది అని. సాక్ష్యంగా మైక్రోసాఫ్ట్ సారథి సత్య నాదెళ్లను, అడోబీని నడిపించిన శంతను నారాయణ్‌ను చూపిస్తారు. ఇద్దరూ హైదరాబాద్ బిడ్డలు, ఇద్దరికీ ఇంజనీరింగూ ఎంబీఏ రెండూ ఉన్నాయి.

ఆ సాక్ష్యమే ఈ సలహాను దెబ్బతీస్తోంది. నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో చేరింది 1992లో. షికాగోలో ఎంబీఏ పూర్తిచేసింది 1997లో, ఉద్యోగం వదలకుండా. నారాయణ్ 1993లో బర్క్‌లీ ఎంబీఏ అందుకునేనాటికి ఆపిల్‌లో పనిచేస్తున్నారు. పని ముందు, ఎంబీఏ తర్వాత.

ధరల నిర్ణయం గురించి ఇరవై ఏళ్ల కుర్రాడికి పాఠం చెబితే సూత్రం రాసి మార్కులు తెచ్చుకుంటాడు. ప్రాజెక్టుకు అంచనా వేసి, సగంలో క్లయింటు కోరికలు మారితే రాత్రిళ్లు కూర్చుని సరిదిద్దినవాడు అదే పాఠం వింటే లెక్చరర్‌ను నిలదీస్తాడు. మేనేజ్‌మెంట్ చదువుకు ఆ నిలదీతే ప్రాణం. హైదరాబాద్ ఐఎస్‌బీ తన ప్రధాన కోర్సుకు కనీసం రెండేళ్ల అనుభవం అడగడం ఊరికే కాదు.

ఐఐఎంలు ఫ్రెషర్లను తీసుకోవడం లేదా అంటారు. తీసుకుంటాయి. కానీ క్యాట్ వడపోత, ఆ క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు, ఈ రెండూ ఆ పట్టాకు విలువ తెస్తున్నాయి. ఊరి చివరి కాలేజీ ఇచ్చే జంట పట్టాకు ఆ రెండూ లేవు. తల్లిదండ్రుల చేతికి మిగిలేది ఐదో ఏడు ఫీజు రసీదు.

ఇంజనీరుకు వ్యాపార జ్ఞానం అక్కర్లేదని నేననను, చాలా అవసరం. జేఎన్‌టీయూ బీటెక్‌లో మెఫా (మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్) పేపరు ఏళ్లుగా ఉంది: డిమాండు, బ్రేక్ ఈవెన్, ఆస్తి అప్పుల పట్టిక అన్నీ అందులోనే. దాన్ని పరీక్ష ముందు రాత్రి చదివి గట్టెక్కే పేపరుగా దిగజార్చాం. ఒక చిన్న కంపెనీ లెక్కలు ముందు పెట్టి నేర్పితే ఆ ఒక్క సెమిస్టరే ఎంతో ఇస్తుంది. ఉన్నదాన్ని నేర్పలేని కాలేజీలు ఇంకో డిగ్రీ అమ్మడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఉద్యోగం, పెళ్లి వచ్చాక మళ్లీ చదవగలరా అన్న భయం నిజమైనదే. ఉద్యోగుల కోసం ఉస్మానియాలో సాయంత్రం ఎంబీఏ ఉంది. తన కంపెనీలో ఏది అర్థం కాలేదో తెలిశాక ఒక అమ్మాయిని అక్కడ చేరనివ్వండి. ఆ నిర్ణయం పద్దెనిమిదేళ్లకే ఆమె చేత చేయించకండి.