రథానికి ఉన్న దిక్కు గూటికి లేదు

2020 సెప్టెంబరులో అంతర్వేది నరసింహస్వామి రథం కాలిపోతే రాష్ట్రం అట్టుడికిపోయింది. అట్టుడకాల్సిందే. 2021 భీష్మ ఏకాదశికల్లా కొత్త రథం వీధిలోకొచ్చింది. పట్టుదల ఉంటే మనవాళ్ళు ఎంత పనైనా చేస్తారు!

ఆ స్వామి రక్తవిలోచనుడనే రాక్షసుణ్ణి చంపడానికి గరుత్మంతుడి మీద వచ్చాడంటుంది స్థలపురాణం. తీర్థం రోజుల్లో ఆకాశంలో గద్ద తిరిగితే చాలు, చేతులన్నీ పైకి లేస్తాయి. మరి వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఎగిరే సముద్ర గద్ద ఎవరికి పట్టింది? తెల్లటి పొట్ట, బూడిద వీపు, చాపితే ఆరడుగుల రెక్కలు. గూడు కట్టుకున్న జంట మళ్ళీ మళ్ళీ ఆ గూటికే వస్తుంది, పుల్ల మీద పుల్ల పేరుస్తుంది. మామూలుగా పెట్టేది రెండు గుడ్లు, చాలాసార్లు దక్కేది ఒక్క పిల్ల. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని పులి సరసన మొదటి షెడ్యూల్లో కూర్చోబెట్టింది. కాగితం మీద మహారాజే!

సరుగుడు తోట కొట్టేటప్పుడు పైన గూడుందా అని తలెత్తి చూసేవాడు లేడు. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా నైలాన్ దారాలు లాగుతారు. పంట పోతే రైతు మునుగుతాడు, కాదనను. తెగిన దారాలు గట్టు మీదే వదిలెయ్యడం దేనికి? ఓసారి అలా చిక్కుకుని వేలాడుతున్న గద్ద కోసం ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను. "చచ్చిందాండీ, బతికుందాండీ? పోయాక చెప్పండి, మనిషిని పంపుతాం" అన్నారు.

ఇక మన కెమెరా బాబులు! గూటి మీదకి డ్రోన్ ఎగరేస్తారు. తల్లి బెదిరి లేస్తే, గుడ్లు ఎండపాలో కాకుల పాలో. ఆ బెదురే వీళ్ళకు 'యాక్షన్ షాట్'. సాయంత్రానికి గూడెక్కడుందో వాట్సాప్‌లో ఊరంతటికీ తెలుస్తుంది. బాలింత ఉన్న గదిలోకి కిటికీలోంచి కెమెరా పెడితే కాళ్ళు విరగ్గొట్టరా? పైగా పక్షిప్రేమికులట!

రాబందుల్నీ ఇలాగే, పట్టించుకోకుండానే పోగొట్టుకున్నాం. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లోంచి రాబందుల మూత్రపిండాల్ని పాడుచేసింది. 2006లో ఆ పశువుల మందును నిషేధించేసరికే చాలా ఊళ్ళల్లో రాబందు మాయమైంది.

అక్టోబరు దాటితే గూళ్ళు కట్టే కాలం. అటవీశాఖ వారూ, గూడున్న చెట్టుకి ఎర్రగీత పెట్టి, తోట యజమానితో ఒక్క మాట చెప్పడానికి ఏం కావాలి? డబ్బా పెయింటు, ఒక బ్రష్షు. నిధులు లేవంటారా, చెప్పండి. చందాలేసుకుని మేమే కొనిస్తాం.