విమానం ఆలస్యమైతే ఎవరికి నష్టం?

విమాన ప్రయాణికుల హక్కులంటే డబ్బున్నవాళ్ళ గొడవ అనుకుంటాం. కానీ కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళే స్త్రీలు ఎక్కేదీ విమానమే. పౌర విమానయాన డైరెక్టరేట్ 2010లో తెచ్చిన నిబంధనలు ఆలస్యానికి భోజనం, ఆరు గంటలు దాటితే వేరే విమానం లేదా టికెట్ డబ్బు ఇమ్మంటాయి. ఆ డబ్బు కూడా టికెట్ కొన్న ఏజెంటుకో యజమానికో పోతుంది! ఆమె పోగొట్టుకున్న జీతం మాటేమిటి? ఆలస్యానికి నగదు పరిహారం ఈ నిబంధనల్లో లేదు.

అయితే అంతర్జాతీయ ప్రయాణానికి మాంట్రియల్ ఒప్పందం ఉంది. భారతదేశం 2009లో అందులో చేరింది. ఆలస్యం వల్ల కలిగిన నష్టాన్ని రెండేళ్ళలోపు దావా వేసి అడగవచ్చు. నివారించడానికి చేయగలిగిందంతా చేశామని విమాన సంస్థే రుజువు చేసుకోవాలి. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. టికెట్, బోర్డింగ్ పాస్ నకళ్ళు ఇంట్లో ఉంచి వెళ్ళమని మన సంఘాలు ముందే చెప్పాలి.