బ్రైట్‌కామ్: సారథి మారారు.. వాటాదారులకు ఏం దక్కింది?

2024 జూన్ 14న హైదరాబాద్‌కు చెందిన డిజిటల్ ప్రకటనల సంస్థ బ్రైట్‌కామ్ గ్రూప్ షేర్ల ట్రేడింగ్‌ను ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ నిలిపివేశాయి. వరుసగా రెండు త్రైమాసికాల ఫలితాలు సమర్పించకపోవడమే కారణం. తప్పు యాజమాన్యానిది. డబ్బు ఇరుక్కుపోయింది మాత్రం లక్షల మంది చిన్న మదుపరులది. విచిత్రమేమిటంటే, అప్పటికి కంపెనీ సారథి మారి నెలలు గడిచాయి.

ఈ సంస్థ ఒకప్పటి పేరు వైబ్రాంట్ డిజిటల్. 2010లో దక్షిణ కొరియా కంపెనీ దావుమ్ నుంచి 3.6 కోట్ల డాలర్లకు లైకోస్‌ను కొనే ఒప్పందంతో వార్తల్లోకెక్కింది. చెల్లింపులపై ఆ ఒప్పందం వివాదంగా మారింది. ఆ తర్వాత లైకోస్ ఇంటర్నెట్‌గా, 2018లో బ్రైట్‌కామ్‌గా పేరు మారింది. 2021లో కొద్ది రూపాయల షేరు ఏడాది తిరగకుండానే వంద దాటింది. చిన్న మదుపరులు ఎగబడ్డారు.

2023 ఏప్రిల్‌లో సెబీ మధ్యంతర ఆదేశం వెలువడింది. కంపెనీ లాభాలను 1,280 కోట్ల రూపాయల మేర ఎక్కువ చేసి చూపిందని, ప్రమోటర్ల వాటా వివరాలు కూడా తప్పుగా వెల్లడించిందని అందులో పేర్కొంది. షేరు పది రూపాయల దరిదాపుల్లోకి పడిపోయింది. ఆగస్టు 22న మరో ఆదేశం వచ్చింది. 82 మందికి ప్రిఫరెన్షియల్ పద్ధతిలో షేర్లు కేటాయించి 868 కోట్ల దాకా సమీకరించినట్టు కంపెనీ చెప్పుకొంది. అందులో సెబీ పరిశీలించిన 22 మంది నుంచి రావాల్సింది 245 కోట్లయితే, నిజంగా వచ్చింది 52 కోట్లేనని తేలింది. సీఎండీ సురేశ్ రెడ్డి, సీఎఫ్‌వో నారాయణ రాజు లిస్టెడ్ కంపెనీల్లో కీలక పదవుల్లో కొనసాగకూడదని సెబీ ఆదేశించింది. ఇద్దరూ తప్పుకున్నారు.

అంటే నాయకత్వాన్ని మార్చింది వాటాదారులు కాదు, నియంత్రణ సంస్థ. అదీ షేరు కుప్పకూలాక. కుర్చీలో మనుషులు మారినా లెక్కలు సమయానికి రాలేదు. 2023 సెప్టెంబరు, డిసెంబరు త్రైమాసికాల ఫలితాలు అందకపోవడంతోనే ట్రేడింగ్ ఆగింది. ఖాతాల వ్యవహారంలో 2025 ఫిబ్రవరిలో సెబీ మొత్తం 34 కోట్ల జరిమానా విధించి, సురేశ్ రెడ్డిని, మరో ప్రమోటర్ విజయ్ కంచర్లను ఐదేళ్లు మార్కెట్‌కు దూరం పెట్టింది. చట్టప్రకారం జరిమానా చేరేది ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయిన వాటాదారుడికి అందులో పైసా రాదు.

మరి యజమానులైన వాటాదారులే ముందుగా ఎందుకు కదలలేకపోయారు? 2013 కంపెనీల చట్టం ప్రకారం సాధారణ తీర్మానంతో డైరెక్టర్‌ను తొలగించవచ్చు. కానీ బోర్డు చేత అసాధారణ సర్వసభ్య సమావేశం పెట్టించాలంటే పది శాతం ఓట్ల బలం ఉండాలి. బ్రైట్‌కామ్ షేర్లు దాదాపు 202 కోట్లు. షేరు పది రూపాయలకు పడిపోయినప్పుడు కూడా పది శాతం అంటే 200 కోట్ల రూపాయల విలువ. సూరత్‌లో ఒకరు, సూర్యాపేటలో ఒకరు చెరో వెయ్యి షేర్లు పట్టుకుని కూర్చుంటే ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది?

హైదరాబాద్‌కే చెందిన సత్యం ఉదంతం ఇక్కడ గుర్తుకొస్తుంది. 2008 డిసెంబరు 16న మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించి, గంటల్లోనే వెనక్కి తగ్గింది. అక్కడ పెద్ద సంస్థాగత మదుపరులున్నారు, వాళ్ల ఆగ్రహానికి బరువుంది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటపడితే, రెండు రోజుల్లో కేంద్రం బోర్డును రద్దుచేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి పగ్గాలు వెళ్లాయి. చిన్న కంపెనీకి ఆ వేగం దక్కదు.

చట్టంలో దారులు లేకపోలేదు. ముఖవిలువ లెక్కన 20 వేల రూపాయల లోపు షేర్లున్నవారు ‘చిన్న వాటాదారులు’. బ్రైట్‌కామ్ షేరు ముఖవిలువ రెండు రూపాయలు కాబట్టి పది వేల షేర్లున్నవారూ ఆ కోవలోకే వస్తారు. అలాంటి వెయ్యి మంది కలిసి నోటీసు ఇస్తే తమ తరఫున ఒక డైరెక్టర్‌ను ప్రతిపాదించవచ్చు. వంద మంది కలిస్తే ఎన్‌సీఎల్‌టీలో సామూహిక దావా వేయవచ్చు. అయితే లిస్టెడ్ కంపెనీ అలాంటి డైరెక్టర్‌ను ‘నియమించుకోవచ్చు’ అంటుందే తప్ప, ‘నియమించాలి’ అనదు చట్టం.

ఆ ఒక్క మాట మారిస్తే చాలా తేడా వస్తుంది. ప్రమోటర్ల వాటా పలచబడి, సంస్థాగత మదుపరులు లేని కంపెనీల్లోనైనా చిన్న వాటాదారుల డైరెక్టర్‌ను తప్పనిసరి చేయాలి. ట్రేడింగ్ ఆపే ముందు బయటపడేందుకు మదుపరులకు తగినంత గడువు, స్పష్టమైన హెచ్చరిక ఉండాలి. లేదంటే యాజమాన్యం చేసిన తప్పుకు వాటాదారులు రెండుసార్లు మూల్యం చెల్లిస్తారు: షేరు పడినప్పుడు ఒకసారి, అమ్ముకోవడానికి వీల్లేనప్పుడు మరోసారి.