ఎంపీ పక్కన ఉండాల్సిన ఆ ఒక్క మనిషి

పార్లమెంటు సభ్యుడు తనకు సహాయకుడిగా పెట్టుకునే మనిషికి ఏ అర్హత ఉండాలి? ఎంపీల కార్యాలయ ఖర్చుల నిబంధనలు ఈ విషయంలో పెట్టిన షరతు ఒక్కటే: సహాయకుల్లో ఒకరికి కంప్యూటర్ వాడకం తెలిసి ఉండాలి. బిల్లు చదవడం రావాలని గానీ, బడ్జెట్ పద్దులు అర్థం కావాలని గానీ అందులో లేదు. 2025 మార్చిలో కేంద్రం ఎంపీల వేతనాన్ని నెలకు లక్ష నుంచి లక్షా 24 వేల రూపాయలకు పెంచినప్పుడు కార్యాలయ భత్యం కూడా 60 వేల నుంచి 75 వేలకు చేరింది. అందులో 25 వేలు స్టేషనరీ, తపాలా ఖర్చులకు పోగా, సహాయకుల జీతాలకు మిగిలేది 50 వేలు. ఆ డబ్బుతోనే ఢిల్లీలో ఒకరు, నియోజకవర్గంలో ఒకరు పనిచేయాలి.

పెంపు ప్రకటించిన రోజు చర్చంతా వేతనం చుట్టూనే తిరిగింది. ఎంపీలకు అంత జీతం అవసరమా అని సామాజిక మాధ్యమాల్లో వాదించుకున్నారు. సహాయకుల కోసం ఇచ్చే ఆ 50 వేల గురించి అడిగినవారు తక్కువ. నిజానికి ఓటరుకు ఎక్కువ సంబంధం ఉన్నది ఆ పద్దుతోనే.

రోజంతా ఏం పని?

దేశంలో ఒక్కో లోక్‌సభ స్థానంలో సగటున 17, 18 లక్షల మంది ఓటర్లున్నారు. 2024 ఎన్నికల నాటికి మల్కాజిగిరిలో 37 లక్షలు దాటారు. అంతమందికి ప్రతినిధిగా ఉన్న మనిషి దగ్గరికి వచ్చే పనుల్లో చట్టాల పని చివరి వరుసలో ఉంటుంది. రైల్వే టికెట్ ఎమర్జెన్సీ కోటాలో ఖరారు కావాలి, ఆసుపత్రి ఖర్చుకు ప్రధాని సహాయ నిధి నుంచి డబ్బు రావాలి, గల్ఫ్‌లో చిక్కుకున్న కొడుకు ఇంటికి చేరాలి, తిరుమల దర్శనానికి లేఖ కావాలి, పార్లమెంటు చూడ్డానికి పాస్ కావాలి. ఎంపీ పీఏ అంటే ఈ పనులన్నీ చూసే మనిషి. ఇవి చిన్న పనులని కొట్టిపారేయడానికీ లేదు. సర్కారీ ఆఫీసు తలుపు తెరుచుకోని చోట జనానికి దిక్కు ఆ లెటర్‌హెడ్డే.

కానీ సమావేశాలు మొదలవగానే ఇంకో రకం పని మీద పడుతుంది. లోక్‌సభలో ఒక సభ్యుడు ఒక రోజుకు గరిష్ఠంగా ఐదు ప్రశ్నలకు నోటీసివ్వవచ్చు, అదీ కనీసం 15 రోజుల ముందు. లాటరీలో నెగ్గిన 20 ప్రశ్నలకు మంత్రులు సభలో జవాబివ్వాలి. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా ఇవ్వాలి. రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం పార్లమెంటు వ్యవహారాలు హిందీలో లేదా ఇంగ్లిషులో సాగాలి. మాతృభాషలో మాట్లాడాలంటే సభాపతి అనుమతి కావాలి. అంటే అనంతపురం రైతు తెలుగులో చెప్పిన పంటల బీమా గోడును మంత్రిత్వ శాఖ తప్పించుకోలేని ఇంగ్లిషు ప్రశ్నగా మార్చే మనిషొకరు కావాలి.

ఇక్కడే నైపుణ్యం తెలుస్తుంది. ‘రైతులకు బీమా అందుతోందా?’ అని అడిగితే పథకం గురించి రెండు పేరాలు జవాబుగా వస్తాయి. ఫలానా జిల్లాలో గత మూడేళ్లలో ఎన్ని దావాలు వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, సగటున ఎన్ని రోజులకు చెల్లించారు అని విడివిడిగా అడిగితే అంకెలు చెప్పాలి, లేదా లెక్క లేదని ఒప్పుకోవాలి. 2020 సెప్టెంబరులో, మౌఖిక ప్రశ్నోత్తరాల సమయాన్నే రద్దు చేసిన సమావేశాల్లో, లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కార్మికులు చనిపోయారన్న రాతపూర్వక ప్రశ్నకు కార్మిక శాఖ ఆ వివరాలు తమ వద్ద లేవని చెప్పింది. దేశమంతా మాట్లాడుకున్న ఆ జవాబు ఒక సూటి ప్రశ్న వల్ల బయటికొచ్చిందే.

ఎనిమిది రోజుల్లో మూడు సంహితలు

ఇక బిల్లుల సంగతి. నేర చట్టాల స్థానంలో తెచ్చిన మూడు బిల్లులను స్థాయీ సంఘం పరిశీలన తర్వాత ఉపసంహరించుకుని, 2023 డిసెంబరు 12న కొత్త రూపంలో మళ్లీ ప్రవేశపెట్టారు. లోక్‌సభ వాటిని 20న, రాజ్యసభ 21న ఆమోదించాయి. భారతీయ న్యాయ సంహితలో 358 సెక్షన్లు, నాగరిక్ సురక్షా సంహితలో 531, సాక్ష్య అధినియమంలో 170. ఏది పాత చట్టంలో ఉన్నదే, ఏది కొత్తగా చేరింది, పోలీసు కస్టడీ నిబంధన ఎక్కడ మారింది అని పక్కపక్కన పెట్టి చదవడం ఒక్క మనిషికి ఎనిమిది రోజుల్లో అయ్యే పని కాదు. పైగా అప్పుడు సభలో పెద్ద సంఖ్యలో ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు.

ఇదొక్కటే అయితే మినహాయింపు అనుకోవచ్చు. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్లగా, 17వ లోక్‌సభకు వచ్చేసరికి అది 16 శాతానికి పడిపోయింది. ఆ ఐదేళ్లలో 35 శాతం బిల్లులపై లోక్‌సభలో గంటసేపైనా చర్చ జరగలేదు. సంఘాల్లో నిదానంగా చదివే అవకాశం పోయినకొద్దీ, చదవాల్సిన భారమంతా ఒక్కో సభ్యుడి మీద పడుతోంది. ఆ సభ్యుడికి తోడుగా ఉన్నది కంప్యూటర్ తెలిసిన మనిషి.

పార్లమెంటు గ్రంథాలయంలో పరిశోధన విభాగం ఉంది. సభ్యులు అడిగితే సమాచారం తీసి ఇస్తుంది. కానీ అది అందరికీ ఉమ్మడి సేవ. ఒక ఎంపీ నియోజకవర్గాన్ని, ఆయన వాదనను దృష్టిలో పెట్టుకుని పనిచేసేది కాదు. ఈ ఖాళీని గమనించే పీఆర్ఎస్ సంస్థ 2010లో ఎంపీలకు శాసన సహాయకులను ఇచ్చే ఫెలోషిప్ మొదలుపెట్టింది. పాతికేళ్ల లోపు పట్టభద్రులను ఎంచుకుని, వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక్కొక్కరిని ఒక్కో ఎంపీ దగ్గర పెడుతుంది. ప్రశ్నలు తయారుచేయడం, ప్రసంగానికి సమాచారం పోగుచేయడం, ప్రైవేటు మెంబరు బిల్లు ముసాయిదా రాయడం వారి పని. మంచి ప్రయత్నమే. అయితే ఏటా వచ్చేది యాభై మంది లోపు, ఉభయ సభల్లో స్థానాలు 788. పైగా పని పట్టుబడేసరికి గడువు ముగుస్తుంది. మరుసటి ఏడాది మరో కుర్రాడో అమ్మాయో అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టాలి.

విభజన చట్టంలో ఒక క్రియాపదం

చట్టంలో ఒక్క మాట ఎంత విలువైందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా ప్రకటించారు. అది ప్రసంగంలో ఉంది, చట్టంలో లేదు. పుష్కరకాలంగా నడిచిన రాజకీయమంతా ఆ తేడా చుట్టూనే నడిచింది.

అంతకన్నా తక్కువగా చర్చకు వచ్చింది పదమూడో షెడ్యూలు. కడపలో ఉక్కు కర్మాగారం, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం, తెలంగాణలో రైల్వే కోచ్ ఫ్యాక్టరీ అని రెండు రాష్ట్రాల నాయకులూ హామీలుగా చెప్పుకున్నవన్నీ అందులో ఉన్నాయి. కానీ వాటి పక్కన ఉన్న క్రియ ‘స్థాపించాలి’ కాదు. ఆరు నెలల్లో ‘సాధ్యాసాధ్యాలను పరిశీలించాలి’ అని ఉంది. పరిశీలించి లాభసాటి కాదని నివేదిక ఇచ్చినా చట్టాన్ని పాటించినట్టే. అదే చట్టం పోలవరం దగ్గర జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించి, అమలు బాధ్యత కేంద్రానిదని తేల్చి చెప్పింది. కేంద్రంలో ప్రభుత్వం మారినా పోలవరానికి నిధుల గురించి అడిగే హక్కు నిలబడింది ఆ రాతవల్లే. కోచ్ ఫ్యాక్టరీ కోసం, కడప ఉక్కు కోసం ఏళ్లతరబడి ఆందోళనలు చేయాల్సి వచ్చింది.

ఆనాడు సభ ఉన్న తీరులో, పెప్పర్ స్ప్రే, నిలిచిపోయిన ప్రత్యక్ష ప్రసారాల నడుమ, మంచి సహాయకులు ఉండి ఉంటే ఆ మాటలు మారిపోయేవని చెప్పలేం. అది రాజకీయ నిర్ణయం. కానీ అలాంటి క్రియాపదాన్ని ముందే పట్టుకుని, సవరణ రాసి, గడువులోగా నోటీసిచ్చే పని ఎవరిదో తెలిస్తే ఈ ఉద్యోగం విలువ తెలుస్తుంది. నేడు రెండు రాష్ట్రాల నుంచి ఉభయ సభల్లో 60 మంది సభ్యులున్నారు. నియోజకవర్గాల పునర్విభజన, పన్నుల్లో వాటా, నదీ జలాలు: రాబోయే వివాదాలన్నీ సెక్షన్ల భాషలోనే తేలతాయి.

బయటి దేశాల పాఠం

అమెరికా ప్రతినిధుల సభలో ఒక్కో సభ్యుడు 18 మంది దాకా శాశ్వత సిబ్బందిని పెట్టుకోవచ్చు. వీరుగాక 1914లో మొదలైన కాంగ్రెషనల్ రీసెర్చ్ సర్వీస్ అందరికీ పనిచేస్తుంది. బ్రిటన్‌లో ఎంపీల సిబ్బంది జీతాలను స్వతంత్ర సంస్థ నేరుగా చెల్లిస్తుంది. 2009 ఖర్చుల కుంభకోణం తర్వాత వచ్చిన ఏర్పాటిది.

డబ్బిస్తే చాలు అంతా బాగుపడుతుందని కూడా ఈ అనుభవాలు చెప్పవు. భార్యను సహాయకురాలిగా చూపి జీతమిప్పించారన్న ఆరోపణతో 2017లో ఫ్రాన్స్ అధ్యక్ష పోటీలో ఫ్రాంస్వా ఫియోఁ దెబ్బతిన్నారు. అదే ఏడాది అక్కడ కుటుంబ సభ్యులను పెట్టుకోవడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చారు. ఐరోపా పార్లమెంటు సహాయకుల నిధులను పార్టీ పనివారికి మళ్లించారన్న కేసులో 2025 మార్చి 31న పారిస్ కోర్టు మరీన్ లె పెన్‌ను దోషిగా తేల్చింది. ఆమె అప్పీలు చేశారు. కాబట్టి నిధితోపాటు ఎవరు, ఏ పని, ఎంత జీతం అన్నది బహిరంగంగా ఉండాలి.

మన దగ్గర ఈ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. 2023 డిసెంబరు 8న మహువా మొయిత్రాను లోక్‌సభ బహిష్కరించింది. పార్లమెంటు పోర్టల్ లాగిన్‌ను ఒక వ్యాపారవేత్తకు ఇవ్వడం నైతిక సంఘం ఎత్తిచూపిన ప్రధాన తప్పు. ప్రశ్నలు టైపు చేయించడానికే ఇచ్చానని, డబ్బు తీసుకోలేదని, లాగిన్ పంచుకోవడంపై నిబంధన లేదని ఆమె వాదించారు. ఆమె 2024లో కృష్ణానగర్ నుంచి మళ్లీ గెలిచారు. ఆ వివాదంలో ఎవరిది న్యాయమన్నది అటుంచితే, మిగిలిన ప్రశ్న ఒకటుంది. ప్రశ్నలు తయారుచేసే పనికి ప్రజల డబ్బుతో, గుర్తింపుతో, నియమావళితో పనిచేసే మనుషులు లేకపోతే ఆ స్థానంలోకి ఎవరొస్తారు? సాయం చేయగల స్తోమత ఉన్నవాళ్లు వస్తారు. కంపెనీలు, లాబీలు, పార్టీకి పనిచేసే కన్సల్టెంట్లు. 2005లో ప్రశ్నకు నోటు కుంభకోణంలో 11 మంది ఎంపీలు పదవి పోగొట్టుకున్న దేశంలో ఈ భయం ఊహాజనితం కాదు.

విప్ ఉండగా చదువెందుకు?

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత ఓటు పార్టీ విప్ చెప్పినట్టే వేయాలి. అలాంటప్పుడు ఎంపీ ఎంత చదివితే ఏం లాభం? మంత్రులు కాని సభ్యులు ప్రతిపాదించిన బిల్లు చట్టమైంది చివరిసారిగా 1970లోనే కదా?

వాదనలో నిజముంది. కానీ విప్ పరిధి ఓటు వరకే. ప్రశ్నకు విప్ లేదు. 24 శాఖాపర స్థాయీ సంఘాల సమావేశాలకు సాధారణంగా విప్ ఉండదు, కెమెరాలూ ఉండవు. అక్కడ కార్యదర్శులను నిలదీయాలంటే పద్దులు చదివి వెళ్లాలి. ప్రైవేటు మెంబరు బిల్లు గెలవకపోయినా ప్రభుత్వాన్ని కదిలించగలదు. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై తిరుచ్చి శివ పెట్టిన బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించాక, ప్రభుత్వం తానే ఒక బిల్లు తేక తప్పలేదు. అందులోని లోపాలు వేరే చర్చ.

చేయాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. ప్రతి ఎంపీకీ ఒక శాసన సహాయకుడి పోస్టును లోక్‌సభ, రాజ్యసభ సచివాలయాలు మంజూరు చేసి, నిలబడగలిగే జీతం నేరుగా ఇవ్వాలి. ఎంపిక ఎంపీది, అర్హత నిబంధనది. బంధువులను పెట్టుకోకూడదు. పేర్లు, జీతాలు వెబ్‌సైటులో ఉండాలి. పోర్టల్‌లో సహాయకుడికి విడిగా లాగిన్ ఇచ్చి, ముసాయిదా రాసే వీలు కల్పించి, సమర్పించే అధికారం ఎంపీకే ఉంచాలి. ఒక్కొక్కరికి నెలకు లక్ష రూపాయలిచ్చినా 788 స్థానాలకు ఏడాదికి 95 కోట్ల లోపే. ఎంపీ లాడ్స్ కింద ఒక్కో సభ్యుడు ఏటా ఖర్చు చేసే 5 కోట్లతో పోలిస్తే, ఇరవై మంది ఎంపీల నిధి కన్నా తక్కువ.

ఆ 5 కోట్లతో కట్టిన సామాజిక భవనం మీద ఎంపీ పేరు చెక్కుతారు. సవరణ రాసిన సహాయకుడి పేరు ఎక్కడా ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. ఇప్పటిదాకా ఏ పార్టీ ఎన్నికల ప్రణాళికలోనూ ఈ ఉద్యోగానికి పెద్ద పీట దక్కకపోవడానికి అదే కారణం కావచ్చు. భత్యం మళ్లీ సవరించే రోజు వస్తుంది. ఆ రోజు తెలుగు ఓటర్లు తమ 60 మంది సభ్యులను, జీతం ఎంత పెరిగిందనే కాక, మీ తరఫున బిల్లు చదువుతున్నదెవరని కూడా అడగాలి.